పీఎస్5 కోసం టీవీ కొంటున్నారా, హెర్ట్జ్ సంగతి ముందు తేల్చుకోండి

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, అప్పట్నుంచి మా చుట్టాల్లో ఎవరి నోట విన్నా పెద్ద టీవీ మాటే. పన్నుతో కలిపి 64 వేలుండే టీవీ లెక్క ప్రకారం 59 వేలకి రావాలి, ఆ మిగిలిన ఐదు వేలకి గేమ్ డిస్క్ వచ్చేస్తుందని పిల్లలు అప్పుడే లెక్కలేసేశారు. మా బావగారు కూడా రాజమండ్రి నుంచి ఫోన్ చేశారు, మా అక్క కొడుక్కి పీఎస్5 గేమ్ కన్సోల్ కొన్నారు, ఇంట్లో ఉన్నది పాత 43 అంగుళాలది, అది తీసేసి 55 పెడదామని. ఆయన అడిగింది ఒకటే. "షాపులో రెండు చూపిస్తున్నారు, రెండిటి మీదా 120 హెర్ట్జ్ అనే రాసుంది, మరి ఒకదానికీ ఇంకోదానికీ పాతిక వేలు తేడా ఏంటయ్యా?"

చాలా మంచి ప్రశ్న అది, ఎందుకంటే ఆ రెండు 120లూ ఒకటి కాదు. ఫోన్లో చెప్తే సగం ఎక్కి సగం ఎక్కక అయోమయం అయిపోతుంది, పైగా ఇదే ప్రశ్న ఆఫీసులో కూడా ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు, అందుకని మొత్తం ఇక్కడ రాసేస్తున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పీఎస్5 గానీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ ఉన్న ఇంట్లో నిజమైన 120 హెర్ట్జ్ టీవీ పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది, కానీ ఆ లాభం అందరూ అనుకునే 120 ఎఫ్‌పీఎస్ గేముల్లో కన్నా 40 ఎఫ్‌పీఎస్ మోడ్‌లోనూ వీఆర్ఆర్‌లోనూ ఎక్కువ కనిపిస్తుంది, ఈ రెండూ ఏంటో కింద చెప్తా. షాపులో ఈ మాట చెప్పినవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు.

ముందు హెర్ట్జ్, ఎఫ్‌పీఎస్ రెండూ వేరని గుర్తుపెట్టుకోండి. టీవీ ప్యానెల్ సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదు అనేది హెర్ట్జ్, కన్సోల్ సెకనుకి ఎన్ని బొమ్మలు తయారుచేసి పంపగలుగుతోంది అనేది ఎఫ్‌పీఎస్. మొదటిది టీవీ పని, రెండోది పీఎస్5 పని. 60 హెర్ట్జ్ టీవీలో ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలబడుతుంది, 120 టీవీలో 8.3. కన్సోల్ 60 బొమ్మలే పంపుతుంటే 120 టీవీ పెట్టినంత మాత్రాన గేమ్ 120 అయిపోదు, అది మాత్రం ముందే వదిలేసుకోవాల్సిన ఆశ.

ఇప్పుడు డబ్బా మీది 120 సంగతి. ఇందులో మూడు రకాలున్నాయి. మొదటి రకంలో 120 పక్కన మోషన్ అనో, రేట్ అనో, క్లారిటీ అనో ఒక తోక ఉంటుంది. మోషన్ రేట్, మోషన్‌ఫ్లో, ట్రూమోషన్ ఇలా ఒక్కో కంపెనీది ఒక్కో పేరు. అది ప్యానెల్ వేగం చెప్పే లెక్క కాదు, టీవీ లోపలి సాఫ్ట్‌వేర్ కదిలే బొమ్మని ఎంత నున్నగా చూపిస్తుందో చెప్పడానికి కంపెనీ తనకి తాను ఇచ్చుకున్న మార్కు. అలాంటి నంబర్ 120 అని ఉంటే లోపలి ప్యానెల్ చాలాసార్లు 60దే. ఎంఈఎంసీ అని ఇంకోటి రాస్తారు, అది రెండు ఫ్రేముల మధ్య ఉండాల్సిన ఫ్రేమ్‌ని టీవీయే ఊహించి గీసి మధ్యలో దూర్చడం. క్రికెట్‌కి కొంతమందికి నచ్చుతుంది, సినిమాకి పెడితే సీరియల్‌లా కనబడుతుంది, గేమింగ్‌కి మాత్రం అస్సలు పనికిరాదు, ఎందుకంటే మధ్య ఫ్రేమ్ గీయాలంటే తర్వాతి ఫ్రేమ్ వచ్చేదాకా టీవీ ఆగాలి, ఆ ఆగడమే మీరు బటన్ నొక్కాక కలిగే ఆలస్యం.

రెండో రకం ఇంకా తికమక. దీన్ని డీఎల్‌జీ అంటారు, డ్యూయల్ లైన్ గేట్. బావగారు చూసిన రెండిట్లో తక్కువ రేటుది ఇదే అని మోడల్ నంబర్ చూశాక తెలిసింది. 4కె ప్యానెల్‌లో పైనుంచి కిందికి 2160 వరసలుంటాయి, 60 హెర్ట్జ్ ప్యానెల్ వాటిని ఒక్కోటీ రాసుకుంటూ పోవడానికి 16.7 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అదే రెండేసి వరసలకి ఒకే బొమ్మ ఇచ్చి ఒకేసారి రాసేస్తే టైం సగమైపోతుంది, అంటే 120 అవుతుంది, కానీ వరసలు 1080 అయిపోయినట్టే. ఇది అబద్ధం అనను, నిజంగానే సెకనుకి 120 బొమ్మలు వస్తాయి, షూటింగ్ గేములు ఎక్కువ ఆడేవాళ్ళకి తక్కువ బడ్జెట్‌లో ఇది పనికొస్తుంది కూడా. కానీ పీఎస్5 120కి మారినప్పుడల్లా 4కె వదిలేసి 1080పీకి దిగుతుంది, 55 అంగుళాల మీద ఆ తేడా కనబడిపోతుంది. కొన్ని కంపెనీలు గేమ్ యాక్సిలరేటర్ లాంటి పేర్లతో దీన్ని రాస్తాయి, ఇంకొన్ని 120 హెర్ట్జ్ పక్కన చిన్న అక్షరాల్లో డీఎల్‌జీ అని రాస్తాయి, ఆ చిన్న అక్షరాలే చదవాలి. 120 ప్యానెల్ మీద ఇదే పద్ధతి వాడి 240 అని రాసేవి కూడా ఉన్నాయి, అవి వేరు, వాటి అడుగున ఉన్నది నిజమైన 120 ప్యానెలే కాబట్టి భయపడక్కర్లేదు.

మూడో రకం నేటివ్ 120. అంటే 4కె మొత్తం, 2160 వరసలూ, సెకనుకి 120 సార్లు. స్పెసిఫికేషన్ పేజీలో నేటివ్ రిఫ్రెష్ రేట్ అనో ప్యానెల్ రిఫ్రెష్ రేట్ అనో విడిగా రాసున్నది చూస్కోండి. ఇంకో మాట, ఒకే సిరీస్‌లో 55, 65 నేటివ్ 120 ఉండి, 43, 50 మాత్రం 60 హెర్ట్జ్ ప్యానెల్‌తో వచ్చేవి ఉన్నాయి, కాబట్టి సిరీస్ పేరు చూసి రివ్యూ నమ్మేసి చిన్న సైజు కొనకండి, మీరు కొనే సైజు మోడల్ నంబర్ మొత్తం అక్షరం పొల్లుపోకుండా కొట్టి వెతకండి. కొలతలు తీసి రాసే ఆర్‌టింగ్స్ లాంటి సైట్లు అమెరికా మోడళ్ళ మీద రాస్తాయి, మన దగ్గర అదే పేరుతో వేరే ప్యానెల్ వచ్చే అవకాశం ఉంది, ఇండియా సైట్‌లో కూడా ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ప్యానెల్ 120 అయినా కన్సోల్ వైరు గుచ్చే హెచ్‌డీఎంఐ పోర్టు సరిపోకపోతే లాభం లేదు. హెచ్‌డీఎంఐ 2.0 సామర్థ్యం 18 జీబీపీఎస్ (సెకనుకి 18 గిగాబిట్లు), అది 4కె 60 దాకానే. 4కె 120 రావాలంటే 2.1 కావాలి, అది 48 దాకా పోతుంది. పీఎస్5 32 దాకా పంపుతుంది, సిరీస్ ఎక్స్ 40 దాకా, కాబట్టి టీవీ పోర్టు పూర్తి 48 లేకపోయినా కన్సోల్‌కి ఏ నష్టమూ లేదు, దాని గురించి గొడవపడే వీడియోలు చూసి బుర్ర పాడుచేసుకోకండి. అసలు చిక్కు వేరే ఉంది. 2.1 వచ్చాక పాత 2.0ని కూడా అందులోనే కలిపేశారు, 2.1లో ఉన్న కొత్త ఫీచర్లేవీ తప్పనిసరి కాదు, కావాలంటే పెట్టుకోవచ్చు అన్నారు. దాంతో 60 హెర్ట్జ్ టీవీ మీద కూడా హెచ్‌డీఎంఐ 2.1 అని రాసుకోవచ్చు, అది తప్పు కూడా కాదు, ఎందుకంటే ఏఎల్ఎల్ఎం అనే ఒక్క ఫీచర్ ఉన్నా సరిపోతుంది. ఏఎల్ఎల్ఎం అంటే కన్సోల్ ఆన్ చేయగానే టీవీ దానంతటదే గేమ్ మోడ్‌కి, అంటే ఆలస్యం తగ్గించే మోడ్‌కి, మారడం, మంచిదే, కానీ దానికీ 120కీ సంబంధం లేదు. అందుకని షాపులో "2.1 ఉందా" అని అడగొద్దు, "ఏ పోర్టు 4కె 120 తీసుకుంటుంది, ఎన్ని పోర్టులు తీసుకుంటాయి" అని అడగండి.

ఎన్ని అనేది ఎందుకంటే, చాలా టీవీల్లో నాలుగు పోర్టులున్నా 4కె 120 తీసుకునేవి రెండే ఉంటాయి, ఆ రెండిట్లో ఒకటి సౌండ్‌బార్ పెట్టుకునే ఈఆర్క్ పోర్టు. సోనీ ఎక్స్90ఎల్ అలాంటిదే. పీఎస్5 ఒక్కటే ఉంటే దిగుల్లేదు, ఒకటి సౌండ్‌బార్‌కి ఒకటి కన్సోల్‌కి సరిపోతాయి. కన్సోల్‌తో పాటు గేమింగ్ పీసీ కూడా ఉండి సౌండ్‌బార్ కూడా పెడితే మాత్రం వెనక వైర్లు పీకి పెట్టుకుంటూ కూర్చోవాలి. ఎల్‌జీ ఓలెడ్ (వెనక లైటు లేకుండా ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే ప్యానెల్) సీ సిరీస్‌లో నాలుగు పోర్టులూ 4కె 120 తీసుకుంటాయి, నాకు ఆ టీవీ మీద గౌరవం పెరగడానికి అదొక కారణం.

సరే, ఇప్పుడు అసలు విషయం, 120 ఎందుకు. 120 ఎఫ్‌పీఎస్‌తో నడిచే గేములు పీఎస్5లో ఉన్నాయి, ఫోర్ట్‌నైట్, వార్‌జోన్, రెయిన్‌బో సిక్స్ సీజ్, రాకెట్ లీగ్ లాంటివి, ఎక్కువగా ఆన్‌లైన్లో పోటీపడి ఆడేవి. మీ ఇంట్లో ఆడేది ఇవే అయితే ఇంక ఆలోచించక్కర్లేదు, నేటివ్ 120 కొనేయండి. కానీ మా మేనల్లుడు లాంటి పిల్లలు ఆడేది స్పైడర్‌మ్యాన్, గాడ్ ఆఫ్ వార్, ఫుట్‌బాల్, జీటీఏ. ఇందులో ఫుట్‌బాల్ కన్సోల్లో 60. జీటీఏ 5 పీఎస్5లో ఎక్కువలో ఎక్కువ 60. మరి వీళ్ళకి 120 దేనికి అంటే, 40 కోసం.

ఇది కాస్త నిదానంగా చెప్పాలి. పెద్ద గేములన్నిట్లోనూ సాధారణంగా రెండు మోడ్‌లుంటాయి, ఒకటి బొమ్మ చాలా బాగుండి 30 ఎఫ్‌పీఎస్‌తో నడిచేది, ఇంకోటి బొమ్మ నాణ్యత కొంచెం తగ్గించి 60తో నడిచేది. 30లో ఒక్కో ఫ్రేమ్ 33.3 మిల్లీసెకన్లు, 60లో 16.7. ఈ రెండిటికీ సరిగ్గా నడిమధ్యన ఉండేది 25 మిల్లీసెకన్లు, అది ఎంత అంటే 45 కాదు, 40 ఎఫ్‌పీఎస్. 30 నుంచి 40కి పెరిగింది పది ఫ్రేములేగా అనిపిస్తుంది కానీ టైం ప్రకారం చూస్తే 60 వైపు సగం దూరం వచ్చేసినట్టే, అందుకే చేతికి అంత తేడా తెలుస్తుంది. అలాగని 60 హెర్ట్జ్ టీవీ మీద 40 వేస్తే కుదరదు. 60ని 40తో భాగిస్తే ఒకటిన్నర, ఒక ఫ్రేమ్ ఒకసారి కనబడి తర్వాతది రెండుసార్లు కనబడి మళ్ళీ ఒకసారి, ఇలా కుంటుతూ నడుస్తుంది. 120ని 40తో భాగిస్తే మూడు, ప్రతి ఫ్రేమూ మూడుసార్లు, ప్రతిదీ 25 మిల్లీసెకన్లు, ఎక్కడా తడబాటు లేదు.

రాచెట్ అండ్ క్లాంక్ రిఫ్ట్ అపార్ట్‌లో 2021లో ఇన్‌సోమ్నియాక్ వాళ్ళు ఈ మోడ్ తెచ్చారు, ఆ తర్వాత స్పైడర్‌మ్యాన్‌లో, హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్‌లో, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్‌లో వచ్చింది. మా అల్లుడు నా దగ్గరికొచ్చినప్పుడు స్పైడర్‌మ్యాన్ 2 ఇదే మోడ్‌లో పెట్టిచ్చా, వాడికి హెర్ట్జ్ అంటే తెలీదు, ఎఫ్‌పీఎస్ అంటే తెలీదు, కాసేపు ఊగాక "మావయ్యా, మా ఇంట్లో దానికన్నా ఇది మెత్తగా పోతోంది, బిల్డింగులు కూడా మెరుస్తున్నాయి" అన్నాడు. నేను చెప్పాలనుకున్నదంతా వాడు ఒక ముక్కలో చెప్పేశాడు. రే ట్రేసింగ్‌తో కిటికీ అద్దాల్లో ఊరంతా కనబడుతూ, చేతికి కూడా తేలిగ్గా ఉండే ఆ మోడ్ 60 హెర్ట్జ్ టీవీ పెడితే మెనూలో ఎంచుకోవడానికే రాదు. డీఎల్‌జీ టీవీలో వచ్చినా 4కె పోతుంది, ఆ మోడ్ ఉన్నదే బొమ్మ బాగుండాలని కాబట్టి ఇంక దేనికి. బావగారికి పాతిక వేలు ఎక్కువైనా రెండోదే తీస్కోండి అని నేను గట్టిగా చెప్పడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం వీఆర్ఆర్, వేరియబుల్ రిఫ్రెష్ రేట్. మామూలు టీవీ ఆర్టీసీ బస్సు లాంటిది, ప్రతి 16.7 మిల్లీసెకన్లకి ఒక బస్సు కదిలిపోతుంది, మీ ఫ్రేమ్ ఒక్క మిల్లీసెకను లేటుగా వచ్చినా తర్వాత బస్సు దాకా నిలబడాల్సిందే, ఆ నిలబడటమే మనకి గేమ్ ఒక్కసారి తట్టుకున్నట్టు కనబడేది. వీఆర్ఆర్ ఉన్న టీవీ షేర్ ఆటో, ఫ్రేమ్ వచ్చి ఎక్కితే అప్పుడు కదులుతుంది. 60కి బదులు 54 వస్తున్నా, 51 వస్తున్నా కంటికి పెద్దగా తెలీదు. పీఎస్5కి ఇది 2022 ఏప్రిల్‌లో అప్‌డేట్‌గా వచ్చింది, ఎక్స్‌బాక్స్‌లో అంతకు ముందునుంచే ఉంది.

ఇందులో 120 ప్యానెల్ అవసరం ఎక్కడొస్తుందంటే, పీఎస్5 వీఆర్ఆర్ 48 నుంచి 120 మధ్యలో పనిచేస్తుంది. 60 హెర్ట్జ్ టీవీలో కూడా వీఆర్ఆర్ అని రాసేవి ఉన్నాయి, అక్కడ మిగిలేది 48 నుంచి 60 దాకా, అంటే చాలా సన్నటి సందు. 120 టీవీ మీద అయితే రాగ్నరాక్ లాంటి గేముల్లో 60 అనే తాళం తీసేసి కన్సోల్‌కి ఎంత చేతనైతే అంత, ఒక చోట 75, ఇంకో చోట 90, అలా పరిగెత్తనిచ్చే మోడ్ ఉంటుంది, అది ఒకసారి అలవాటైతే వెనక్కి రావడం కష్టం. ఎల్డెన్ రింగ్ పీఎస్5లో 60 దగ్గర నిలకడగా ఉండదని ఆడినవాళ్ళందరికీ తెలుసు, అక్కడ వీఆర్ఆర్ చాలావరకు కాపాడుతుంది. వీఆర్ఆర్ లేని టీవీ ఉన్నవాళ్ళకి ఒక చిట్కా, అదే గేమ్ పీఎస్4 వెర్షన్‌ని పీఎస్5లో వేసుకోండి, బొమ్మ కొంచెం తగ్గుతుంది కానీ దాదాపు 60 మీదే నిలబడుతుంది.

వీఆర్ఆర్‌కి ఒక లోపం ఉంది, అది కూడా చెప్పాలి. ఓలెడ్ టీవీల్లో, కొన్ని ఎల్ఈడీ టీవీల్లో కూడా, ఫ్రేమ్ రేట్ బాగా ఎగుడుదిగుడు అయినప్పుడు చీకటి సీన్లలో మసక మసగ్గా మిణుకు కనబడుతుంది. గుహల్లో, లోడింగ్ స్క్రీన్ల దగ్గర ఎక్కువ. టీవీ పాడైందని సర్వీసు వాళ్ళని పిలవకండి, వీఆర్ఆర్ ఆఫ్ చేసి చూడండి, అది పోతే దాని కారణం అదే.

బటన్ నొక్కాక తెర మీద కదలడానికి పట్టే టైం, దాన్నే ఇన్‌పుట్ ల్యాగ్ అంటారు, దీనికి కూడా హెర్ట్జ్‌కి సంబంధం ఉంది కానీ జనం అనుకున్నంత కాదు. తెర పైనుంచి కిందికి రాసుకుంటూ వస్తుంది కాబట్టి 60 హెర్ట్జ్‌లో తెర మధ్యకి చేరేసరికే ఎనిమిది మిల్లీసెకన్లు దాటుతుంది, 120లో నాలుగు. మంచి టీవీలు గేమ్ మోడ్‌లో 60 దగ్గర పది మిల్లీసెకన్ల చుట్టుపక్కల, 120 దగ్గర ఐదు చుట్టుపక్కల ఉంటాయి. ఈ ఐదు మిల్లీసెకన్లు చాలామందికి తెలీదు. గేమ్ మోడ్ ఆన్ చేయకుండా ఆడితే మాత్రం ఎంత ఖరీదైన టీవీ అయినా యాభై, వంద మిల్లీసెకన్లు పోతాయి, అది అందరికీ తెలుస్తుంది, కొత్త టీవీలో గోల్ కీపర్ మాట వినట్లేదు అని అల్లరి చేసే పిల్లలున్న ఇంట్లో నేను మొదట చూసేది అదే.

హెర్ట్జ్ ఒక్కటే చూస్కుని కొంటే ఇంకో చోట దెబ్బతింటారు, ప్యానెల్ రంగు మార్చుకునే వేగం. చాలా ఎల్ఈడీ టీవీల్లో వాడే వీఏ రకం ప్యానెళ్ళలో నలుపు నుంచి ముదురు బూడిద రంగుకి మారడం నిదానం, రాత్రి సీన్లో కెమెరా తిప్పితే వస్తువుల వెనకాల నల్లటి చార లాగుతుంది, ప్యానెల్ 120 అయినా సరే పిక్సెల్ అంత వేగంగా మారకపోతే ఆ 120కి సగం విలువే. ఓలెడ్‌లో పిక్సెల్ దాదాపు అక్కడికక్కడే మారిపోతుంది కాబట్టి అదే 120 అక్కడ ఎంతో స్పష్టంగా ఉంటుంది. అయితే ఆ గుణమే 30 ఎఫ్‌పీఎస్‌లో ఎదురు తిరుగుతుంది, ఎల్ఈడీలో ఉండే ఆ చిన్న అలుకుడు ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య కుదుపుని కొంచెం దాచేది, ఓలెడ్ ఏదీ దాచదు, 30 గేమ్ అక్కడ ఇంకా కుదుపుగా కనబడుతుంది. అందుకే ఓలెడ్ కొన్నవాళ్ళకి ఆ 40 మోడ్ ఇంకా ముఖ్యం అంటాను.

144, 165 హెర్ట్జ్ అని ఇప్పుడు కొత్త మోడళ్ళు వస్తున్నాయి. పీఎస్5, ఎక్స్‌బాక్స్ రెండూ 120 దగ్గరే ఆగిపోతాయి. ఆ పై లెక్క గేమింగ్ పీసీ ఉన్నవాళ్ళకి. పాత గ్రాఫిక్స్ కార్డు ఉంటే అదీ కష్టమే, ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ నుంచే హెచ్‌డీఎంఐ 2.1 వచ్చింది. కన్సోల్ మాత్రమే ఉన్న ఇంటికి 120, 144 మధ్య తేడా కోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు, ఆ డబ్బుతో సైజో, బ్రైట్‌నెస్సో చూస్కోండి.

అలాగే అందరికీ 120 అక్కర్లేదు కూడా. పీఎస్4, పీఎస్4 ప్రో ఉన్నవాళ్ళకి కన్సోలే 60 దాటదు. ఇంట్లో ఆడేది ఫుట్‌బాల్ ఒక్కటే అయితే, ఇంకో రెండు మూడేళ్ళు కన్సోల్ మార్చే ఆలోచన లేకపోతే, గేమ్ మోడ్ బాగున్న మంచి 60 హెర్ట్జ్ టీవీ నిక్షేపంగా సరిపోతుంది. పేరు కోసం నాసిరకం 120 కొనేకన్నా బొమ్మ బాగున్న 60 నయం, ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నా, ఎందుకంటే 120 అని రాసుంటే చాలు అని చవకబారు బ్యాక్‌లైట్ ఉన్న టీవీ కొనుక్కున్నవాళ్ళ ఇళ్ళల్లో హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపించే మోడ్) ఆన్ చేస్తే తెర బూడిద పోసినట్టుండటం చూశాను.

ఇంట్లో పెద్దవాళ్ళని ఒప్పించడానికి ఒక సంగతి, 120 ప్యానెల్ గేమింగ్‌కే కాదు, సినిమాలకి కూడా మంచిది. మన సినిమాలన్నీ 24 ఫ్రేములు. 60ని 24తో భాగిస్తే రెండున్నర, ఒక ఫ్రేమ్ రెండుసార్లు తర్వాతది మూడుసార్లు పడుతుంది, కెమెరా నిదానంగా పక్కకి తిరిగే షాట్లలో చిన్న జర్క్ కనబడేది దానివల్లే. 120ని 24తో భాగిస్తే సరిగ్గా ఐదు. డిష్ సెట్‌టాప్ బాక్స్ నుంచి వచ్చేది మన దేశంలో 50 హెర్ట్జ్ లెక్క, దానికి 120 ప్యానెళ్ళు 100కి దిగి ప్రతి ఫ్రేమ్‌నీ రెండుసార్లు చూపిస్తాయి, కాబట్టి క్రికెట్‌కి కూడా ఏ ఇబ్బందీ లేదు.

షాపుకెళ్తే అక్కడ నడిచే డెమో వీడియో చూసి ఏమీ తేల్చుకోలేరు. సముద్రం, పువ్వులు, తేనె కారడం, అన్నీ నిదానంగా కదిలేవే, వేగం బయటపడే సీన్ ఒక్కటీ ఉండదు, పైగా టీవీలన్నీ వివిడ్ మోడ్‌లో కళ్ళు జిగేల్‌మనేలా పెట్టుంటారు. నేను బావగారికి చెప్పింది, కన్సోల్ సంచిలో వేసుకుని పోండి, అడిగితే చాలా షాపుల్లో పెట్టనిస్తారు, లక్ష దాకా పెట్టేవాడు అడిగితే కాదనరు. పీఎస్5 పెట్టాక సెట్టింగ్స్‌లో స్క్రీన్ అండ్ వీడియోలోకి వెళ్తే వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్ అని ఉంటుంది, టీవీ ఏ రిజల్యూషన్‌లో ఎంత హెర్ట్జ్ తీసుకుంటుందో అక్కడ వరసగా రాసుంటుంది, 3840 ఇంటూ 2160 పక్కన 120 ఉందా లేక 1920 ఇంటూ 1080 పక్కనే ఉందా చూడండి. సేల్స్‌మ్యాన్ మాటా అక్కర్లేదు, నా మాటా అక్కర్లేదు, డీఎల్‌జీ బండారం అక్కడే తెలిసిపోతుంది. బావగారు అలాగే పెట్టించారు, మొదటి టీవీలో 120 పక్కన 1080 మాత్రమే వచ్చింది, ఆ షాపులో అబ్బాయికి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసిందట, పాపం తెర మీది ఆ పేజీని ఫోటో తీసుకున్నాడు.

ఇంటికొచ్చాక కూడా 120 దానంతటదే వచ్చేయదు. చాలా టీవీల్లో హెచ్‌డీఎంఐ పోర్టు మొదట పాత పద్ధతిలోనే ఉంటుంది, దాన్ని తెరవాలి. ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్ అని, శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అని, సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్‌లో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అని ఉంటుంది, మీరు కన్సోల్ పెట్టిన పోర్టుకి అది మార్చండి. కేబుల్ పీఎస్5 డబ్బాలో వచ్చిందే వాడండి, అది 2.1దే, పాత సెట్‌టాప్ బాక్స్ కేబుల్ పెట్టి 120 రావట్లేదని తల పట్టుకోకండి. గోడకి పెట్టిన టీవీకి పొడుగు కేబుల్ కావాలంటే అల్ట్రా హైస్పీడ్ హెచ్‌డీఎంఐ అని డబ్బా మీద ఉన్నదే కొనండి, 8కె అని పెద్దగా రాసుంటే సరిపోదు.

తర్వాత పీఎస్5లో 120 హెర్ట్జ్ అవుట్‌పుట్‌ని ఆటోమేటిక్ చేయండి, వీఆర్ఆర్ ఆన్ చేయండి. గేమ్ ప్రీసెట్స్ అని ఇంకోచోట ఉంటుంది, అక్కడ పెర్ఫార్మెన్స్ మోడ్ పెడితే కొన్ని గేములు నేరుగా ఎక్కువ ఫ్రేమ్ రేట్‌తోనే తెరుచుకుంటాయి. పీఎస్5 హోమ్ స్క్రీన్‌లో 60 అని కనబడితే కంగారు పడొద్దు, 120 ఉన్న గేమ్ తెరిచినప్పుడే అది మారుతుంది, ఎక్స్‌బాక్స్ అయితే ఒకసారి 120 పెడితే అన్నిచోట్లా 120లోనే ఉంటుంది. స్పైడర్‌మ్యాన్ లాంటి వాటిల్లో 40 మోడ్ కోసం గేమ్ లోపల డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 120 హెర్ట్జ్ అనే ఆప్షన్ విడిగా ఆన్ చేయాలి, ఇది చాలామంది వదిలేస్తున్నారు, టీవీ కొని నెలలు గడిచినా 30లోనే ఆడుతున్నవాళ్ళు నాకు తెలుసు. ఎల్‌జీ అయితే, రిమోట్‌లో ఆకుపచ్చ బటన్ ఉంటే దాన్ని టకటకా నొక్కితే మూలన చిన్న డబ్బాలో ఇప్పుడు వస్తున్న లెక్క కనబడుతుంది, గేమ్ నడుస్తుండగా అది చూడండి. రిటర్న్ గడువు అయ్యేలోపే ఇవన్నీ చేసి చూస్కోండి, 4కె 120 రాకపోతే కేబుల్, పోర్టు, టీవీ సెట్టింగ్, ఈ వరసలో ఒక్కోటీ మార్చి చూసి, అప్పటికీ రాకపోతే బిల్లు పట్టుకుని షాపుకెళ్ళండి.